చెమ్మ గీసిన ఒంటె

ఆ ఇంట్లో వస్తువుల చిరునామాలు వేరు. బండి తాళాలు ఒంటె మూపురం కింద మేకుకు వేలాడతాయి. గొడుగు రెండో ఒంటె తోక దగ్గర ఉంటుంది. అత్తగారి మందుల డబ్బా ఓడ అడుగున, ఉల్లిపాయల బుట్ట సొరచేప నోటి ముందు. ఎవరైనా కొత్తవాళ్ళు వచ్చి "చేతులెక్కడ కడుక్కోవాలమ్మా?" అంటే "ఏనుగు దాటాక ఎడమపక్క" అని జవాబొస్తుంది. అడిగినవాళ్ళు ఇల్లు తప్పి అడవిలో దూరామేమోనని గుమ్మంవైపు చూసుకున్న సందర్భాలు కూడా ఉన్నాయి.

కరెంటు మీటరు చూడడానికొచ్చిన మనిషి ఆ గోడలు చూస్తూ మీటరు సంగతి మరిచి వెళ్ళిపోయాడట. మర్నాడు మళ్ళీ వచ్చి మళ్ళీ మరిచాడట. నిండు వేసవిలో పక్కింటి పిల్లి ఆ గోడ మీది ఇసుక చూసి కాళ్ళు కాలతాయని చుట్టు తిరిగి వెళ్ళిందట. వీధిలో ఇలా చాలా చెప్పుకుంటారు. చెప్పుకునేదాంట్లో ముప్పావు వంతు ఆ ఇంటాయన పుట్టించిందే. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. పొద్దున లేస్తే పైకీ కిందికీ తిరిగే ఉద్యోగం కాబట్టి మాటలు కూడా ఎప్పుడూ పై అంతస్తులోనే ఆగుతాయి. ఊళ్ళో ఎవరి లిఫ్టు ఆగినా భోజనం ముందు నుంచి లేచి పరిగెత్తుతాడు. ఇంట్లో కుళాయి కారితే మాత్రం "రేపు చూద్దాం" అంటాడు. ఆ మాట ఎంతగా అలవాటయిందంటే కూతురు చిన్నప్పుడు నాన్న పేరే రేపు అనుకుంది. బడిలో టీచరమ్మ అడిగితే అదే చెప్పి వచ్చింది కూడా.

ఇక ఆ ఒంటెలకూ ఓడలకూ తల్లి, ఆ ఇంటావిడ. వీధివాళ్ళకు బోర్డులక్క. బస్టాండు వెనక బోర్డులు రాసే దుకాణంలో పని. పట్నంలో సగం జనం ఆవిడ చెప్పినట్టే నడుచుకుంటారు. ఆగమని రాస్తే ఆగుతారు, ఎడమకు తిరగమంటే తిరుగుతారు, చెత్త వేయరాదని రాస్తే నాలుగడుగులు అవతల వేస్తారు. "కుక్క ఉంది జాగ్రత్త" అని ఆవిడ రాసిచ్చిన బోర్డు చూసి, కుక్క లేని ఇంట్లోంచి కూడా దొంగలు వెనక్కి తిరిగారని దుకాణం యజమాని గొప్పగా చెబుతాడు. అంత మాట చెల్లే మనిషి సాయంత్రం ఇంటి గుమ్మం ఎక్కగానే "అమ్మా, ఇటు రా, ఇక్కడ పగిలింది" అనే పిలుపు వినిపిస్తే చెప్పులు విప్పకుండానే అటు నడుస్తుంది.

మొదటి ఒంటె పుట్టింది కూతురికి పళ్ళొస్తున్న రోజుల్లో. స్నానాలగదికీ ముందుగదికీ మధ్య గోడ మీద అరచేయంత చెమ్మ తేలింది. ఆయన తల పక్కకు వంచి, ఒక కన్ను మూసి, పెద్ద వైద్యుడిలా గోడ మీద వేలితో తట్టి "రేపు చూద్దాం" అన్నాడు.

"లోపల పైపేమైనా కారుతోందేమో" అందావిడ.

"పైపా! ఈ ఇంట్లో దిగినప్పుడు ఆ పైపు అతికించింది ఎవరు? ఈ చేతులు. ఇల్లు కూలిపోయినా ఆ జాయింటు ఒక్కటీ గాల్లో నిలబడి ఉంటుంది. ఇది వాతావరణంలో తేమ, అంతే."

మర్నాడు ఆయన కంపెనీ పెద్దాయన భార్యతో సహా భోజనానికి వస్తున్నాడు. మరక సరిగ్గా గుమ్మానికి ఎదురుగా ఉంది. సిగ్గుతో ఆవిడకు ఏం చెయ్యాలో తోచలేదు. దుకాణంలో మిగిలిన గోధుమరంగు డబ్బా అడుగున కాస్త ఉంటే, ఆ మరకకు నాలుగు కాళ్ళూ ఒక మెడా పెట్టింది. వచ్చినావిడ కూర కూడా వడ్డించుకోకుండా గోడ వైపే చూస్తూ "ఎంత బాగుందండీ ఒంటె!" అంది. "నేనే దగ్గరుండి చెప్పి గీయించానండీ" అన్నాడాయన.

అంతే, ఇల్లు తప్పుదారి పట్టింది.

మరక పెరిగింది, ఒంటెకు రెండో మూపురం వచ్చింది. ఇంకా పెరిగితే వెనకాల పిల్ల ఒంటె. పక్కకు పాకితే ఇసుకదిబ్బలు, పైకి పాకితే మబ్బులు. వంటగదిలోకి మలుపు తిరిగితే, ఎడారిలో అంత చెమ్మను ఏం చెయ్యాలో తెలియక సముద్రం పెట్టింది, సముద్రం ఉంది కాబట్టి ఓడ, ఓడ ఉంది కాబట్టి సొరచేప. చెమ్మ ముందు నడిచేది, ఆవిడ బ్రష్షు వెనక నడిచేది. చుట్టాలొచ్చి "అబ్బ, ఈ ఏడు బొమ్మ ఎంత పెద్దదైందో" అని మెచ్చుకునేవాళ్ళు. పెద్దదైంది బొమ్మ కాదని ఎవరికీ తట్టలేదు.

గోడతో ఆగితే బాగుండేది. గచ్చు మీద పలక పగిలితే ఆ పగులు చేపముల్లయింది. అద్దం బీటవారితే బీటకు ఆకులు మొలిచాయి. కుర్చీ చిరిగితే చిరుగు చుట్టూ పువ్వు. ఇంట్లో ఏది పాడైనా ఎవరి నోట విన్నా ఒకటే మాట: "అమ్మ ఉందిగా, ఏదో ఒకటి గీసేస్తుందిలే." ఆ ఇంట్లో సుత్తి తుప్పు పట్టింది, మేకులు తుప్పు పట్టాయి, బ్రష్షు మాత్రం ఆరిన పాపాన పోలేదు.

ఆవిడ కుడిభుజం అరిగిపోయింది. చెయ్యి పైకెత్తాలంటే ఎడమచేత్తో మోచేతిని మొయ్యాలి. పగలంతా ఎవరో చెప్పిన అక్షరాలు, సాయంత్రం ఏదో మరక చెప్పిన బొమ్మ. దుకాణంలో ఆవిడకు ఇష్టమైన పని ఒక్కటే ఉంది. పొద్దున్నే కొత్త రేకులకు తెల్లరంగు పూసి ఆరబెట్టడం. ఆ తెలుపు ఆరేదాకా వాటి మీద ఏమీ రాయకూడదు. స్టూలు వేసుకుని ఆ ఖాళీ తెలుపు ఎదురుగా కూర్చుంటే వీపులోంచి అలసట చుక్క చుక్కగా దిగుతున్నట్టు ఉండేది. ఇంట్లో కూడా అలాంటిది ఒక్క గోడ ఉంటే చాలనుకునేది. ఏమీ లేని గోడ. ఎవరికీ చెప్పలేదు. చెబితే దాని మీద ఏం గీస్తావని అడుగుతారు.

ఒక ఆదివారం మధ్యాహ్నం అందరూ భోజనాలకు కూర్చున్నారు. మొదటి ఒంటె తల పెచ్చుగా ఊడి నేరుగా ఆవిడ కంచంలో పడింది. నల్లటి కన్ను ఒకటి కూరలోంచి ఆవిడను చూస్తోంది.

ముందుగా తేరుకుంది ఇంటాయనే. గోడవైపు ఒక కన్ను మూసి చూశాడు.

"తల పోయింది గానీ ఒళ్ళు బాగానే ఉందోయ్. మూపురాన్ని డిప్ప చేస్తే తాబేలవుతుంది. కాస్త ఆకుపచ్చ వేస్తే సరి."

"గీయను" అందావిడ.

"ఇప్పుడే కాదులే, తిన్నాకే."

"తిన్నాక కూడా గీయను. రేపూ గీయను. మేస్త్రిని పిలవండి. గోడ పగలగొట్టించి, పైపు మార్పించి, తెల్లగా చేయించండి."

"తెల్లగా చేయించి?"

"తెల్లగా ఉంచండి."

అత్తగారు ముద్ద నోటి దగ్గరే ఆపి "దీనికి ఒంట్లో బాగున్నట్టు లేదురా" అంది కొడుకుతో.

మర్నాడు సాయంత్రం దుకాణం నుంచి వచ్చేటప్పుడు ఆవిడ చేతిలో చిన్న బోర్డు ఉంది. తెల్లటి రేకు మీద ఎర్రటి అక్షరాలు, కింద నల్లగీత, పద్ధతిగా ఉంది. తల లేని ఒంటె మెడలో దాన్ని తగిలించింది.

"ఇక్కడ బొమ్మలు గీయబడవు."

పట్నమంతా ఆవిడ బోర్డులకు లొంగుతుంది గానీ, ఇల్లు లొంగలేదు. కూతురు తను పనిచేసే కళ్ళజోళ్ళ దుకాణం నుంచి వచ్చి బోర్డు చదివి, జోడు తీసి తుడిచి మళ్ళీ చదివింది.

"అమ్మా, నిజంగానే చెరిపేస్తారా? నాకు అంకెలొచ్చింది ఈ ఒంటెల కాళ్ళు లెక్కపెట్టే కదా!"

"వచ్చేశాయిగా. ఇంక ఒంటెలెందుకే?"

"నీకు కొంచెం కూడా బాధ లేదా? అన్నీ నువ్వు గీసినవే!"

"నా కష్టం నీకేం తెలుసమ్మాయ్" అంటూ అత్తగారు నడుమ అందుకుంది. ఆ పెద్దావిడకు చూపు సన్నగిల్లింది. చీకటి పడితే గోడ పట్టుకుని, చేతికి తగిలే రంగు పొరల్ని బట్టి స్నానాలగదికి వెళుతుంది. "పిల్ల ఒంటె చెవి తగిలితే రెండడుగులు, ఇసుకదిబ్బ తగిలితే తలుపు. ఇవన్నీ చెరిపేస్తే నేను ఏ సముద్రంలో పడాలి?"

"నా పరువు సంగతేంటి?" అన్నాడు ఇంటాయన. "మా ఇంట్లో ఎడారి ఉందని పధ్నాలుగో అంతస్తు దాకా చెప్పుకున్నాను. ఒంటెలు నిజం కాదంటే నమ్మట్లేదు, అంత చెప్పాను. కన్నతల్లివి అయ్యుండి నీ బొమ్మల్ని నువ్వే చంపుకుంటావా?"

ఆవిడ తలుపుకు ఆనుకుని నిలబడింది. కూర్చుంటే మళ్ళీ లేవలేనేమోనన్న భయంతో నిలబడింది.

"అవి నా బొమ్మలు కావండీ. ఆ పైపు గీసింది. నేను రంగులేశానంతే."

ఆ మాటకు అందరికీ కోపమొచ్చింది. ఆ వారమంతా ఆవిడతో అవసరానికే మాట్లాడారు. కానీ ఒక్కరు కూడా బ్రష్షు ముట్టుకోలేదు. తెగిన మెడ మీద రోజూ కాస్త కాస్త సిమెంటు రాలుతూనే ఉంది. చివరికి అత్తగారి పక్కబట్టల్లో కూడా పెచ్చు పడ్డాక ఇంటాయన మేస్త్రిని పిలిచాడు. పిలిచేటప్పుడు కూడా "లిఫ్టయితే నేనే చూసేవాణ్ణి" అని ఒక మాట అనుకున్నాడు.

మేస్త్రి వచ్చేటప్పటికి ఆవిడ దుకాణానికి వెళ్ళిపోయింది. మేస్త్రి ఇల్లంతా తిరిగి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

"సారూ, ఇందులో చెమ్మ ఎక్కడ, రంగు ఎక్కడ? ఏది ముందు పుట్టిందో ఎలా తెలుస్తుంది?"

"చెమ్మ వంటగదిలో పుట్టింది" అన్నాడు ఇంటాయన ఏమాత్రం తడుముకోకుండా. "స్నానాలగది వైపు పైపు నా చేతి పని. అటు వెతకడం కూడా దండగ. ఓడ దగ్గర కొట్టండి."

మేస్త్రి ఓడ దగ్గర కొట్టాడు. ఓడ మునిగింది, సొరచేప మునిగింది, సముద్రం గదంతా దుమ్మై లేచింది. వెనకాల పైపు ఎండుకట్టెలా పొడిగా ఉంది. ఇంకాస్త పక్కన కొట్టమన్నాడు ఇంటాయన. అక్కడా పొడిగానే ఉంది. సాయంత్రానికి వంటగది గోడలో మనిషి దూరేంత కన్నం పడింది. చెమ్మ మాత్రం ఎక్కడినుంచి వస్తోందో అక్కడినుంచే హాయిగా వస్తోంది.

ఆవిడ ఇంటికొచ్చింది. గిన్నెల మీద దుమ్ము. పొయ్యి మీద ఇటుక ముక్కలు. అత్తగారు ముక్కుకు గుడ్డ కట్టుకుని ముందుగదిలో కూర్చుంది. మేస్త్రి తాపీ కడుక్కుంటున్నాడు.

"రేపటి నుంచి నాకు వేరేచోట పనుందమ్మా. సార్ చెప్పినచోటంతా కొట్టాను. దొరకలేదు. పొద్దున వచ్చి ఈ కన్నం మూసి వెళ్ళిపోతాను. మళ్ళీ ఎప్పుడు కుదురుతుందో చెప్పలేను."

ఇంటాయన అప్పటికే కన్నం ముందు నిలబడి ఒక కన్ను మూశాడు.

"ఒకమాట చెప్పనా? మూయించడం కూడా ఎందుకు? దీని చుట్టూ కిటికీ రెక్కలు గీశావనుకో..."

ఆవిడ ఆయన వైపు చూసింది. గట్టిగా అరిచే ఓపిక ఉంటే అరిచేదే. లేదు. మేస్త్రి రేపు వెళ్ళిపోతే గోడ ఇలాగే ఉంటుందని, ఎల్లుండికి ఎవరో ఒకరు కన్నంలో సామాను పెట్టడం మొదలుపెడతారని, ఆ పైన ఏదో ఒక సాయంత్రం తన చేతులే వెళ్ళి రెక్కలు గీసి వస్తాయని ఆవిడకు తెలుసు. ఆ చేతుల్ని నమ్మడానికి లేదు.

"మేస్త్రీ, ఒక్క పావుగంట కూర్చోండి. టీ పెడతాను" అంది. టీ పెట్టలేదు. పొయ్యి మీద ఇటుకలున్నాయి. సంచిలోంచి పాత రంగు గీకే రేకుబద్ద తీసుకుని ముందుగదిలోకి వెళ్ళింది.

"ఓడా సొరచేపా చివర్లో గీసినవి. వాటికి ముందు ఏనుగు. ఏనుగుకు ముందు మబ్బులు, మబ్బులకు ముందు పిల్ల ఒంటె." గోడ పక్కన నడుస్తూ, ఒక్కొక్కదాన్నీ వేలితో ముట్టుకుంటూ, ఇంటికొచ్చిన చుట్టాలను తలుచుకున్నట్టు చెప్పుకుపోతోంది. "పిల్ల ఒంటె మా అమ్మాయికి చెవులు కుట్టించిన ఏడాదిది. అన్నింటికంటే ముందు ఇది."

బోర్డు తీసి కింద పెట్టింది. తల లేని మొదటి ఒంటె కడుపులోకి రేకుబద్ద దించింది.

"అమ్మా!" అని కూతురు ఒక అడుగు ముందుకేసి ఆగింది.

రంగు పొరలు పొరలుగా లేచింది. గోధుమరంగు కింద ఇంకో గోధుమరంగు, దాని కింద ఇంకొకటి. ఎన్నిసార్లు ఉబ్బితే అన్నిసార్లు పూసింది మరి. కుడిచెయ్యి సగంలో ఆగిపోతే ఎడమచేత్తో గీకింది. కూతురు వచ్చి తల్లి మోచేతి కింద తన చెయ్యి పెట్టి పట్టుకుంది. రంగు కింద సిమెంటు అటుకుల్లా మెత్తగా రాలింది. మేస్త్రి లేచొచ్చి ఉలితో రెండు దెబ్బలు వేశాడంతే, గోడ తనంతట తానే నోరు తెరిచింది.

పైపు కనబడింది. జాయింటు కనబడింది. జాయింటు చుట్టూ నల్లటి గ్రీజులో నానిన గుడ్డ ముడి కనబడింది. గుడ్డ కొసన, తడిసి వెలిసినా చదవడానికి వీలుగా, లిఫ్టు కంపెనీ చొక్కా జేబు, దాని మీద కుట్టిన అక్షరాలు. గుడ్డ కింది నుంచి ఒక నీటి చుక్క తీరిగ్గా ఉబ్బి, తీరిగ్గా రాలింది. ఆ ఇంట్లో ఇన్నేళ్ళూ ఒక్కరోజు కూడా సెలవు పెట్టకుండా పనిచేసింది అదొక్కటే.

మేస్త్రి గుడ్డవైపు చూశాడు. ఇంటాయన ఒంటి మీది చొక్కావైపు చూశాడు. మళ్ళీ గుడ్డవైపు చూశాడు.

"సారూ, ఇది లిఫ్టు పద్ధతా?"

ఇంటాయన మాటలు మొదటిసారి నేలమాళిగలో ఆగాయి.

"అది... ఆవేళ టేపు దొరకలేదు. తాత్కాలికంగా కట్టాను. మర్నాడు సరిచేద్దామనుకున్నాను" అన్నాడు చివరికి.

"ఇంకా రేపు కాలేదులే నాన్నా" అంది కూతురు.

అత్తగారు ముక్కు మీది గుడ్డ తీసి నవ్వింది. దుమ్ముకు దగ్గు వచ్చేదాకా నవ్వింది. "వీడి నాన్న కూడా ఇంతే. పెళ్ళికి కట్టిన పందిరిని వీడు పుట్టేదాకా విప్పలేదు" అంది. అందులో నిజమెంతో ఎవరూ అడగలేదు.

బోర్డులక్క నవ్వలేదు. ఎక్కిరించలేదు కూడా. ఆ రెండింటికీ ఓపిక కావాలి. నేల మీద పడిన రంగు పెచ్చుల్లో కూర్చుని "మేస్త్రీ, పొద్దున వేరే పనికి వెళ్ళేముందు ఈ పైపు మార్చి వెళతారా?" అని అడిగింది.

మేస్త్రి కాసేపు తలగోక్కున్నాడు. "ఆ వేరే పనివాళ్ళకు రేపు వస్తానని చెప్పాను" అన్నాడు. తర్వాత ఇంటాయన వైపు ఓరగా చూసి "ఒక రోజు ఆగితే రేపు ఎక్కడికీ పోదులెండి" అన్నాడు.

ఒక రోజు అన్నది వారమైంది. కొత్త పైపు పడింది, పాత సిమెంటు గిలాబా అంతా రాల్చారు, కొత్తది పూశారు, అది ఆరడానికి కిటికీలన్నీ తెరిచిపెట్టారు. ఇంటాయన పనిలో సెలవు పెట్టి సిమెంటు తట్టలు మోశాడు. ఎవరూ మోయమనలేదు. మాట్లాడకుండా మోశాడు. ఆ మౌనం చూసి, ఆ ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగాలేదని వీధివాళ్ళు వచ్చి అడిగి వెళ్ళారు. గుంతలు పూడ్చే లప్పం పెట్టారు, నునుపు చేశారు, తెలుపు వేశారు. మళ్ళీ తెలుపు వేశారు.

ఆవిడ మేస్త్రితో చెప్పి ఆ గోడ పొడవునా, అత్తగారి చెయ్యి ఆనే ఎత్తులో, నున్నటి కర్ర పట్టీ ఒకటి బిగించింది. అత్తగారు పట్టుకుని రెండుసార్లు అటూ ఇటూ నడిచి "పరవాలేదు. ఒంటె చెవి దీనికంటే మెత్తగా ఉండేది" అంది. మూడోసారి కూడా నడిచింది.

పనంతా అయిన సాయంత్రం ఆవిడ దుకాణం నుంచి వచ్చి గుమ్మంలో ఆగిపోయింది. ఎదురుగా తెలుపు. మేకు లేదు, మూపురం లేదు, కన్ను లేదు. ఇల్లు కొంచెం పెద్దదైనట్టు, కొంచెం ఎవరిదో అయినట్టు ఉంది.

కూతురు బ్రష్షులన్నీ కడిగి, రంగుల డబ్బాలు వరసగా పెట్టి ఉంచింది.

"ఇప్పుడు మరక లేదు, ఎవరి మాటా లేదు. నీ ఇష్టం వచ్చింది గీసుకో అమ్మా. ఎవరైనా అడ్డమొస్తే నాతో చెప్పు."

ఆవిడ బ్రష్షు తీసుకుంది. గోడ దగ్గరకు వెళ్ళింది. ఇన్నేళ్ళలో ఏ మరక చూసినా చెయ్యి దానంతటదే కదిలేది. ఇప్పుడు కదల్లేదు. కాళ్ళెక్కడ మొదలుపెట్టాలో, అసలు గీయాల్సింది కాళ్ళున్నదో కానిదో, అదీ తెలియలేదు. చాలాసేపు చూసింది. చెట్టనుకుంటే చెట్టు రాలేదు. మనిషనుకుంటే మనిషి రాలేదు. భయం వేస్తుందనుకుంది. భయం కూడా పెద్దగా వెయ్యలేదు.

"ఏమైందే?" అన్నాడు ఇంటాయన వెనకనుంచి, కొంచెం బెదురుగా. "మరీ ఆసుపత్రిలా ఉందనా? ఒక మూలన, బొటనవేలంత ఒంటె..."

ఆవిడ బ్రష్షు డబ్బాలో పెట్టింది. వంగి, ఓ మూలకు తోసి ఉన్న బోర్డు తీసుకుని కొంగుతో దుమ్ము తుడిచి ఆయన చేతికిచ్చింది. ఆయన ఒకసారి చదివాడు, తీసుకెళ్ళి స్క్రూడ్రైవరు కోసం వెతకడం మొదలుపెట్టాడు. ఆ బోర్డును ఆయనే, అదే సాయంత్రం, వీధి గుమ్మం లోపలివైపు బిగించాడు. వంకరగా బిగించాడు. అయినా బిగించాడు.

ఆవిడ గోడవారగా గచ్చు మీద కూర్చుంది. ముందు కాస్త దూరంగా కూర్చుంది, అలవాటు కొద్దీ. ఆ గోడకు ఆనుకుంటే రవికె తడిసి వీపుకు అంటుకునేది. తర్వాత మెల్లగా వెనక్కి వాలింది. భుజాలు తగిలాయి, వీపు తగిలింది, తల తగిలింది. పొడిగా ఉంది. ఎండలో ఉంచి తెచ్చిన దుప్పటంత పొడిగా ఉంది.

"ఏమేవ్, నా బండి తాళాలెక్కడ?" అని గుమ్మం దగ్గర నుంచి ఇంటాయన కేక.

"ఒంటె కిం..." అని అత్తగారు మొదలుపెట్టి ఆగింది.

"అమ్మనడుగుదాం" అని కూతురు ఇటు తిరిగి, మళ్ళీ అటు తిరిగి, వేలు పెదవుల మీద పెట్టుకుంది.

ఆవిడ నిద్రపోయింది. కుడిచెయ్యి ఒళ్ళో వెల్లకిలా పడి ఉంది, వేళ్ళ మధ్య ఏమీ లేదు.